ఎవరూ పట్టని తాడు

డోన్,
ఆదివారం.

అక్కకు, చెల్లెలు సుశీల నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లలూ, మీ అత్తగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? నీ బీపీ మాత్రలు వేసుకుంటున్నావా, లేక ఎవరూ చూడనప్పుడు ఊరగాయ జాడీ ముందు కూర్చుంటున్నావా? నీ సంగతి నాకు తెలియదా!

ఉత్తరమెందుకు, ఫోను చేయొచ్చు కదా అంటావు. చేస్తే బావ షాపులో ఎత్తుతాడు. వెనక చీరల బేరాల గోల. నువ్వు వచ్చేసరికి బాగున్నానని చెప్పి పెట్టేస్తాను. ఇప్పుడు రాసేది గల్లాపెట్టె పక్కన నిలబడి వినే మాట కాదు. లోపలికి పోయి, తీరిగ్గా కూర్చుని చదువుకో.

మా గురించి దిగులు పెట్టుకోవద్దు. మీ మరిదికి నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని బాగానే ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి దుమ్ము. అప్పుడే ముసలాయన అయిపోయారే అని ఏడిపిస్తాను. ఈ మధ్య నవ్వుతున్నారు. నీళ్లు మాత్రం ఉప్పు, పప్పు ఒక పట్టాన ఉడకదు. ఎండ సంగతి అడగకు. రాజంపేటలో కనీసం తోటల గాలి తగులుతుంది, ఇక్కడ పైన ఎండ, కింద రాయి. రైళ్ల కూతలకు అలవాటు పడ్డాం.

ఇంటి ఓనరమ్మను మేమంతా బీబీ అంటాం. మంచి మనిషి. వచ్చిన రోజే "పిల్లోళ్లెంతమందమ్మా?" అని అడిగింది. లేరు అని చెప్పేశాను. ఒక్క మాటతో అయిపోతుందనుకున్నాను. అవలేదు. మరుసటి వారం దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నా చేతికి తనే కట్టింది, పిల్లలు పుడతారని. విప్పలేను, ఉంచుకోలేను. పాప పోయి రెండేళ్లవుతోంది. దాని బడి ముందు నుంచి నడవలేక ఊరు విడిచి వచ్చిన నేను, ఇక్కడ దాన్ని అసలు కననట్టే చెప్పుకున్నాను.

బడి సంగతికి వస్తాను. విద్యా వాలంటీరు పని దొరికిందని రాశాను కదా. నాది ఆరో తరగతి. శనివారం మధ్యాహ్నం పిల్లలు బడి ఎగ్గొడుతున్నారని మా హెడ్మాస్టరు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు క్లబ్బులు పెట్టారు. సైన్సు సారు సైన్సు క్లబ్బులో నిమ్మకాయలతో బల్బు వెలిగిస్తానన్నాడు. అది వెలగలేదు. పిల్లల ముందు పరువు పోతుందని ఆ నిమ్మకాయలే పిండి అందరికీ షర్బతు ఇచ్చాడు. మరుసటి వారం సగం బడి సైన్సు క్లబ్బులోనే. తోట క్లబ్బు మొక్కల్ని మేకలు తిన్నాయి. ఇక మిగిలింది జడకోలాటం. నేర్పించే టీచరు బదిలీ అయిపోయింది.

"మీ కడప పక్కోళ్లకు కోలాటం బాగా వస్తాది కదమ్మా, నువ్వే చూసుకో" అన్నారు హెడ్మాస్టరు.

వద్దని చెప్పాలనుకున్నాను. కారణం చెప్పాల్సి వస్తుందని తలూపి వచ్చేశాను. ఐదో తరగతిలో పాప వార్షికోత్సవానికి ఇల్లంతా చేసిన కోలాటం నీకు గుర్తుంది కదా. గడపలు, బిందెలు, చివరికి మీ అత్తగారి చేతికర్ర, దేని మీదా కర్ర కొట్టకుండా వదల్లేదు.

బడి వెనక వేపకొమ్మకు రంగుతాళ్లు కట్టి ఉన్నాయి. ఒక్కో పిల్లా ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, ఎదురొచ్చేవాళ్ల కర్రను కొడుతూ లోపలికీ బయటికీ తిరిగితే, పైన తాళ్లన్నీ జడగా అల్లుకుంటాయి. మళ్లీ అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది. మొదటి శనివారం చూస్తే ఒక నీలం తాడుకు మనిషి లేదు. కొనకు ఒక కర్ర కట్టి వదిలేశారు. ఎదురొచ్చిన పిల్ల ఆ తాడును అందుకుని నాలుగడుగులు నడిపి ఇంకో పిల్లకు అందిస్తోంది. ఆ పిల్ల ఇంకొకరికి. మధ్యలో ఎవరో కనపడని పిల్ల నడుస్తున్నట్టే ఉంది. జడ ఎక్కడా తప్పలేదు.

"ఆ తాడు ఎవరిది?" అన్నాను.

హసీనా అని ఎనిమిదో తరగతి పిల్ల, వాళ్లందరికీ పెద్ద. "పద్మది టీచర్. ఎవురూ పట్టుకోరు" అంది.

"యాడుందా పిల్ల?"

అందరూ నేలచూపులు చూశారు. నేను ఇంకోసారి అడగలేదు. హెడ్మాస్టరునీ అడగలేదు. ఆ మౌనం నాకు తెలిసిందే కదా. మన ఇంట్లో రెండేళ్లుగా ఉన్నది అదేగా.

అప్పట్నుంచి శనివారం వస్తుందంటే భయం, రాకపోతే ఇంకా భయం. పిల్లలు వెళ్లాక చెట్టు కింద ఒక్కదాన్నే నిలబడేదాన్ని. ఆ కర్ర ఎండకు వెచ్చగా ఉండేది, ఎవరో ఇప్పుడే వదిలి వెళ్లినట్టు. నువ్వు నన్ను తిడతావని తెలుసు, అయినా రాస్తున్నాను. అది మన పాప తాడే అనుకోవడం మొదలుపెట్టాను. నీలం దానికిష్టమని నీకు తెలుసు. వంటింట్లో ఉండగా గజ్జెల కర్రల చప్పుడు వినపడి వీధిలోకి వచ్చి చూసేదాన్ని. బీబీ కోళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక క్లబ్బులు చివరి పీరియడుకు మారాయి. ఒక శనివారం కోలాటం మధ్యలో గేటు దగ్గర నుంచి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. నల్లగా మాడిపోయి ఉంది. సంచి విసిరేసి, తిన్నగా వలయంలోకి దూరి ఆ నీలం తాడు పట్టుకుంది. పిల్లలంతా "పద్మా!" అని ఒకటే కేకలు.

నాకు కోపం వచ్చిందక్కా. నీ దగ్గర దాచడమెందుకు? ఆ తాడు వదులు అని అరవబోయాను. బతికి వచ్చిన పిల్లను చూసి ఏ మనిషికైనా కోపం వస్తుందా?

వెనకాలే వాళ్లమ్మ వచ్చింది. "మేడమ్, నేను పద్మ వాళ్లమ్మను. పేరు కొట్టేయొద్దు మేడమ్. ఈడ వానల్లేవు, గుంటూరు పక్క మిరపకోతలకు పోయింటిమి. ఆడపిల్లను ఒక్కదాన్నే యాడ ఇడిచిపెట్టేది?"

అప్పుడు అర్థమైంది. శానా రోజులు రాకపోతే పేరు తీసేస్తారని పిల్లలు నా దగ్గర నోరు విప్పలేదు. ఎవరూ తీసేయలేదని చెప్పాను. ఆమె అక్కడే చతికిలబడి చెమట తుడుచుకుంది. తర్వాత ఊరికే, మాటకు మాటగా అడిగింది.

"మీకెంతమంది పిల్లోళ్లు మేడమ్?"

"ఒక పాప."

"పేరేంది?"

"శైలజ."

"బాగుండాది పేరు. ఏం చదువుతాండాది?"

"ఉంటే ఏడో తరగతి."

ఆమె నన్నే చూసింది. "మా పద్మ ఈడుదే" అని లేచి వచ్చి, తన చేత్తోనే నా కళ్లు తుడిచింది. వెంటనే భగ్గున మంట! "అయ్యో, మిరపకాయల చేతులు మేడమ్, పొద్దున్నే మూట సర్దింటి" అని కొంగు తడిపి అద్దింది. ఏడుస్తూ, మండుతూ, నవ్వుతూ ఇద్దరం ఆ చెట్టు కింద ఏమైపోయామో. పిల్లలు ఆట ఆపేసి చూస్తున్నారు. హసీనా మెల్లిగా అడిగింది: "శైలజకు కోలాటం వచ్చా టీచర్?"

వచ్చని చెప్పాను.

ఆ సాయంత్రం బీబీకి, నాకు ఒక పాప ఉండేదని చెప్పాను. తాయెత్తు తనే విప్పింది.

నిన్న శనివారం. కొమ్మకు కొత్తగా రెండు తాళ్లున్నాయి. "ఒకటి శైలజది టీచర్. జత లేకుంటే జడ రాదు కదా, రెండోది మీరు పట్టుకోండి" అంది హసీనా. పట్టుకున్నాను. దాని తాడు నా ఎదురుగా వచ్చినప్పుడు అందుకుని, నాలుగడుగులు నడిపించి పద్మ చేతికిచ్చాను. అయిపోయాక అందరూ వదిలిన తాళ్లు ఆగిపోయాయి, ఆ ఒక్కటీ కాసేపు ఊగింది. గాలి లేదు. ఈసారి భయం వేయలేదు.

దాని కర్రలు నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయని తెలుసు. నా కంట పడకూడదనే దాచావు. ఎర్రంచు గుడ్డలో చుట్టి, ఎవరైనా ఇటువైపు వస్తే పంపించు. తాడు కొనకు కట్టాలి. వాటితో పాటు కాసిని ఉలవలు కూడా.

ఇంకొకటి. అది పుట్టినప్పట్నుంచి నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. పోయాకే మళ్లీ సుశీలనయ్యాను. జవాబు రాసేటప్పుడు పైన పాత పిలుపే రాయి. ఏడుపొస్తే రానీ, ఇక్కడ నేనూ ఏడుస్తాను.

బావకు, మీ అత్తగారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పెద్దవాళ్లందరినీ మమ్మల్ని దీవించమని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు,
శైలజ వాళ్లమ్మ