చదవని రెండు లైన్లు

3 మార్చి, సోమవారం

బ్యాంకు నుంచి కవరు వచ్చింది. స్టేట్‌మెంట్ కాదు, ఒకే ఒక్క కాగితం. ఏప్రిల్ నుంచి కాగితం స్టేట్‌మెంట్లు పంపరట. అంతా ఆన్‌లైన్‌లోనే చూసుకోవాలట. కాగితమే కావాలంటే బ్రాంచికి వెళ్లి ఫీజు కట్టి తెచ్చుకోవాలి.

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాను. కవరు చింపిన చప్పుడు అన్నయ్య చెవిన పడనే పడింది. ఎక్కడి నుంచి అని లోపలి నుంచే అడిగాడు. ఏదో ప్రకటనలే అన్నాను.

అబద్ధం చెప్పడానికి ఇప్పుడు నాకు ఆలోచించుకునే పని కూడా లేదు.

5 మార్చి, బుధవారం

అన్నయ్యకు పుట్టుకతోనే చూపు లేదు. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఐదేళ్ల కిందట రిటైరయ్యాడు. డాక్టర్ల ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఇప్పటికీ నోటికి చెబుతాడు. ఆ డాక్టర్లలో సగంమంది పోయారు, నంబర్లు మాత్రం పోలేదు. నేను లాండ్రీ షాపులో కౌంటర్ చూస్తాను. నాకు పెళ్లయింది, అయిపోయింది కూడా. పదకొండేళ్లుగా అన్నయ్య దగ్గరే ఉంటున్నాను.

నెలనెలా స్టేట్‌మెంట్ వస్తుంది. నేను చదువుతాను, అన్నయ్య వింటాడు. పెన్షన్, కరెంటు, మందులు, వడ్డీ. అందులో రెండు లైన్లు వదిలేస్తాను. తమ్ముడు వేసే ఎనిమిది వేలు ఒకటి. మర్నాడు నేను కార్డుతో తీసే ఎనిమిది వేలు రెండోది. వచ్చిందీ పోయిందీ రెండూ మింగేస్తే అడుగున బ్యాలెన్స్ చక్కగా సరిపోతుంది. నాలుగేళ్లుగా మింగుతున్నాను.

షాపులో నాకు ఒక పూట పనే మిగిలినప్పుడు, అద్దెకు చాలక తమ్ముడికి ఫోన్ చేసింది నేనే. నీ ఖాతాలో వేస్తే నీకిచ్చినట్టు ఉంటుందక్కా, అన్నయ్య ఖాతాలోనే వేస్తాను అన్నాడు. కార్డు నా దగ్గరే ఉంటుంది. మెసేజ్‌లు నా ఫోన్‌కే వస్తాయి. జీతం తగ్గలేదని అన్నయ్యకు చెప్పాను. మధ్యాహ్నాలు ఇంట్లో ఎందుకుంటున్నావంటే, షిఫ్టు మార్చారన్నాను.

9 మార్చి, ఆదివారం

తమ్ముడి డబ్బని తెలిస్తే అన్నయ్య ముట్టడు.

అమ్మ చివర్లో తమ్ముడి దగ్గర ఉండేది. ఆసుపత్రి రిపోర్టు వచ్చిన రోజు అన్నయ్య ఫోన్ చేసి, చదవరా అన్నాడు. వాడు చదివాడు, చివరి పేరా వదిలేసి. అది వింటే అన్నయ్య ఆదరాబాదరాగా ఒక్కడే రైలెక్కుతాడని వాడి భయం. అయితే నెలాఖరుకు సెలవు పెట్టుకుని వస్తాలే అన్నాడు అన్నయ్య. అమ్మ నెలాఖరుదాకా ఆగలేదు.

ఆరేళ్లయింది. వాడి పేరు ఎత్తడు, ఎత్తనివ్వడు. నా ఫోన్ మోగాక నేను కాస్త గొంతు తగ్గించానంటే చాలు, లేచి వరండాలోకి వెళ్లిపోతాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా?

17 మార్చి, సోమవారం

బ్యాంకు వాళ్లు నేరుగా అన్నయ్యకే ఫోన్ చేశారు.

షాపు నుంచి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. తన ఫోన్ వార్తలు చదివి వినిపిస్తుందిగా, అలాగే బ్యాంకు యాప్ కూడా స్టేట్‌మెంట్ చదువుతుందట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా లెక్క నేను చూసుకుంటానే అన్నాడు. ‘చూసుకుంటాను’ అనే అన్నాడు.

ఆన్‌లైన్ అంటే మోసాలు, ఫీజు కట్టి కాగితమే తెచ్చుకుందాం అన్నాను. అన్నయ్య నవ్వాడు. పోనీలేవే, నీకూ ఒక పని తగ్గుతుంది అన్నాడు.

19 మార్చి

ఈరోజు చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు.

24 మార్చి, సోమవారం

బ్యాంకుకు తీసుకెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయికి ఓపిక ఎక్కువ. రెండుసార్లు చూపించేసరికి అన్నయ్య పట్టేశాడు. కళ్లున్నవాళ్లే నేర్చుకోలేక మమ్మల్ని తిట్టిపోతున్నారు సార్ అంది. అన్నయ్య మురిసిపోయాడు.

పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు నన్ను కాస్త పక్కకు వెళ్లమంది. రూల్ అట. వెళ్లి గోడవార కుర్చీలో కూర్చున్నాను. పదకొండేళ్లలో అన్నయ్య పనికి నన్ను పక్కకు జరగమన్నవాళ్లు ఎవరూ లేరు.

పాతవి కూడా వస్తాయా అని అన్నయ్య అడగడం అక్కడికి వినిపించింది. ఐదేళ్ల దాకా వస్తాయి సార్ అంది.

నావి నాలుగేళ్లు.

1 ఏప్రిల్, మంగళవారం

షాపు వెనక నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. ఈ నెల వేయకురా అన్నాను. పాతవి ఎక్కడికి పోతాయక్కా అన్నాడు. ఏం చేద్దామంటే, విననీ, ఎన్నాళ్లని మోస్తాం అన్నాడు. వాడి గొంతు కూడా అలసిపోయి ఉంది.

2 ఏప్రిల్, బుధవారం, సాయంత్రం ఆరు

విన్నాడు.

ముందు గదిలో కూర్చుని యాప్ తెరిచాడు. నేను వంటింటి గడపలో నిలబడ్డాను. ఫోన్‌లోని ఆడగొంతు మార్చి నెల మొదలుపెట్టింది. తారీఖు చెప్పింది, జమ అంది, తమ్ముడి పేరు ఇంటిపేరుతో సహా చదివింది. దానికి మా గొడవలేం తెలుసు? కరెంటు బిల్లు చదివినట్టే చదివింది.

అన్నయ్య వేలు ఆగింది. వెనక్కి జరిపాడు. మళ్లీ అదే పేరు.

తర్వాత ఫిబ్రవరి. జనవరి. డిసెంబరు. ఒక్కో నెలా తవ్వుకుంటూ వెనక్కి వెళ్లాడు. నేను గడప కదల్లేదు. నేను అక్కడున్నానని తనకు తెలుసు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఒక్కసారీ వినపడని పేరు గంటసేపు వినపడింది.

అయ్యాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. వాడు ఒక్కసారి దాచాడు, నువ్వు నెలనెలా దాచావు అన్నాడు. గొంతు పెంచలేదు. రాంగ్ నంబరండీ అని చెప్పే గొంతుతో అన్నాడు.

అద్దె గురించి, ఒంటిపూట జీతం గురించి అంతా చెప్పాను. నిన్ను డబ్బు గురించి అడిగానా అన్నాడు.

4 ఏప్రిల్, శుక్రవారం

పేపర్ మడత విప్పలేదు. నన్ను చదవమనలేదు.

కొత్త మందుల షీటు తీసుకుని కర్రతో మెట్లు దిగి, కింద మందుల షాపతన్ని చదవమన్నాడు. అతను పైకి చూసి, మీ చెల్లెలు లేదా సార్ అని అడగడం కిటికీలోంచి విన్నాను. ఉంది అన్నాడు అన్నయ్య. అంతే.

ఉన్నమాట రాస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. పదకొండేళ్లు ఒక మనిషికి కళ్లయి తిరిగితే, నా ముఖం ఎలా ఉందో చూసుకునే తీరిక లేకపోయింది. పోనీ, ఇప్పుడు ఖాళీ దొరికింది అనుకున్నాను. అద్దం ముందు నిలబడ్డాను. ఏం చూడాలో తెలియలేదు.

8 ఏప్రిల్, మంగళవారం

అన్నయ్య ఒక్కడే బ్యాంకుకు వెళ్లొచ్చాడు. తమ్ముడి డబ్బు లోపలికి రాకుండా ఆపమన్నాడట. వచ్చేదాన్ని మేం ఆపలేం సార్, పంపేవాళ్లకే చెప్పుకోవాలి అందట ఆ అమ్మాయి. ఇది నాకు చెప్పినట్టు కాదు, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

అయితే చెప్తాను అన్నాడు. ఎవరికని నేను అడగలేదు.

13 ఏప్రిల్, ఆదివారం, ఉదయం పది

చెప్పాడు. అంటే, చెబుదామనే ఫోన్ చేశాడు.

నంబరు నన్ను అడగలేదు. ఆరేళ్లయినా తన వేళ్లకు గుర్తుంది. నేనురా అన్నాడు. తర్వాత ఫోన్ చెవికి అదుముకున్నాడు. లైను పోయిందేమో అనుకున్నాను. అన్నయ్య లైను పోనిచ్చే మనిషి కాదు.

అమ్మ రిపోర్టు ఉందారా నీ దగ్గర అన్నాడు. డబ్బు పంపొద్దని కాదు, ఇదీ అన్నది. వాడి దగ్గర ఉన్నట్టుంది. చివరి పేరా చదువు అన్నాడు.

అవతల వాడు చదువుతున్నాడు. మాటలు నాకు అందలేదు, సన్నటి గొణుగుడు ఒక్కటే అందింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. అన్నయ్య తొందర పెట్టలేదు. కుర్చీ అంచు పట్టుకుని, తల వంచి, ముప్ఫై ఏళ్లు బోర్డు దగ్గర కూర్చున్నట్టే కూర్చున్నాడు. అయిపోయాక, నన్ను అడిగిందారా అన్నాడు.

ఏం చెప్పాడో తెలియదు. అన్నయ్య సరే అన్నాడు. ఇంకోసారి సరే అన్నాడు. అరగంట పైనే మాట్లాడుకున్నారు. వాడి మోకాళ్లు, వాడి కూతురి చదువు, ఆ ఊళ్లో నీళ్ల కటకట. పెట్టేసే ముందు ఉంటానురా అన్నాడు. డబ్బు మాట ఇద్దరూ ఎత్తనేలేదు.

16 ఏప్రిల్

అన్నయ్యకు వాడి మీద కోపం పోయింది. నా మీద పోలేదు. నాకు ఒళ్లు మండింది.

20 ఏప్రిల్, ఆదివారం

టీ ఇస్తుంటే గ్లాసుతో పాటు నా చెయ్యీ పట్టుకుని ఆపాడు. అద్దె ఎంత అన్నాడు. చెప్పాను. నీకు ఎంత వస్తోంది అన్నాడు. అదీ చెప్పాను. షిఫ్టు మార్చడం అబద్ధమా అన్నాడు. అబద్ధమే అన్నాను. ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు. రెండేళ్ల కిందట నీ నీలం చొక్కా ఇస్త్రీలో కాల్చేసి, పోయిందని చెప్పాను అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వాడి డబ్బు రానీ, తీసేటప్పుడు నాకు చెప్పి తియ్యి అన్నాడు.

చెయ్యి వదిలాక టీ తాగాడు. చల్లారిపోయి ఉంటుంది.

27 ఏప్రిల్, ఆదివారం, మధ్యాహ్నం

రోజూ ఏం రాస్తావే అన్నాడు. పెన్ను చప్పుడు వినపడుతుందట. డైరీ అన్నాను. చదువు అన్నాడు.

మార్చి మూడు నుంచి మొదలుపెట్టాను. ఒకచోట రెండు వాక్యాలు దాటేశాను. అక్కడ నీ ఊపిరి మారింది, వెనక్కి వెళ్లు అన్నాడు.

వెళ్లాను.