కుప్పయ్య లైసెన్సు

1979 ఫిబ్రవరి 3, శనివారం

పొద్దున సైకిలు పట్టుకున్నారు. రైల్వే గేటు దగ్గర మునిసిపాలిటీ మనుషులు ముగ్గురు, అడ్డంగా ఒక తాడు. నా సైకిలుకు ఈ ఏటి రేకుబిళ్ల లేదు. లైసెన్సు యాడ సార్ అన్నాడొకడు. కాళ్లు నావి, సైకిలు నాది, రోడ్డుకు పన్ను కట్టింది నేను, తొక్కడానికి నీ అనుమతి ఎందుకప్పా అన్నాను. వాడు కోప్పడలేదు. అయివారు పాఠం మొదలు పెట్టినాడు, బెల్లు కొట్టేలోపల చీటీ రాసేయప్పా అని పక్కవాడితో అన్నాడు. ట్యుటోరియల్ కాలేజీకి నడిచి వెళ్లేసరికి ఫస్ట్ అవర్ అయిపోయింది.

ఇంట్లో రేడియోకు లైసెన్సు. మీటింగులో మైకుకు లైసెన్సు. సారాయి అమ్మేవాడికి లైసెన్సు. దీని మీద రాయాలి. నా పక్షపత్రిక 'నిలదీత'కు మూడు వందల మంది పాఠకులు. నాలుగు పేజీలు. అందులో మూడు నేనే రాస్తాను. ఎమర్జెన్సీలో దాన్ని ఆపేసి నోరు మూసుకుని ట్యూషన్లు చెప్పుకున్నవాణ్ని. అప్పుడు మింగిన మాటలన్నీ ఇప్పుడు కక్కుతున్నానని జ్ఞానాంబ అంటుంది. భార్య అన్న మాట కాబట్టి నిజమే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 6

నిఘంటువు చూశాను. అనుమతి, ఆజ్ఞాపత్రము, అధికారమిచ్చుట. అంతే. వీధిలో ఎవరూ ఆ అర్థంతో వాడటం లేదు. పెండ్లయితే తిట్టేదానికి లైసెన్సు వచ్చినట్టే అని అటెండరు మునెయ్య. ముసలోళ్లకి లైసెన్సు ఉండాది ఏమైనా అనేదానికి అని బస్సులో ఒకామె. మీ నోటికి ఏ ఆఫీసులో రెన్యూవల్ చేయించుకుంటారండీ అని జ్ఞానాంబ.

వీళ్ల మాటల్లో లైసెన్సు కాగితం కాదు. పైనున్నవాడు చూసీ చూడనట్టు వదిలేయడం. ఇది బాగుంది. ఇది రాయాలి.

ఫిబ్రవరి 10

వ్యాసానికి గుండెకాయ దొరికింది. తాయమ్మ.

స్టేషన్ రోడ్డులో అద్దె సైకిళ్ల షాపు ఆమెది. నా పంక్చర్లన్నీ వేసేది ఆమే. బోర్డు మీద మాత్రం మొగుడి పేరు, కుప్పయ్య సైకిల్ షాపు. కుప్పయ్య చనిపోయి అయిదేళ్లు. తడ దగ్గర లారీ కొట్టేసింది. ఈ పక్క తెలుగు, ఆ పక్క అరవం. అక్కడే దహనం చేసి వచ్చారు. ఏ ఊరి రిజిస్టరులోనూ ఆ చావు ఎక్కలేదు.

ఎక్కితే షాపు పోతుంది. స్టేషన్ రోడ్డులో కొత్త లైసెన్సులు ఆపేశారు. పాతవాళ్లకు రెన్యూవల్ ఒక్కటే, వాళ్లు చనిపోతే అదీ పోతుంది. అందుకని ప్రతి మార్చిలో ఒక రోజు తాయమ్మ నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంటుంది. పక్క అంగడి అక్కమ్మ దగ్గర గాజులు వేసుకుంటుంది. పెట్టెలో దాచిన తాళి తీసి మెడలో వేసుకుంటుంది. అట్లా మునిసిపల్ ఆఫీసుకు పోతుంది. గుమాస్తా వరదయ్య తలెత్తకుండా అడుగుతాడు, కుప్పయ్య రాలేదా అమ్మా అని. జొరం సార్ అంటుంది. అయిదేళ్లుగా అదే జ్వరం. వరదయ్య ముద్ర వేస్తాడు. సాయంత్రానికి బొట్టు తుడిచేస్తుంది, గాజులు, తాళి మళ్లీ పెట్టెలోకి.

పోయిన మార్చిలో ఆఫీసు మెట్ల మీద ఆ వేషంలో ఎదురైంది. నేను నోరు తెరిచి చూస్తుంటే తనే నవ్వి చెప్పింది.

చచ్చిన మొగవాడికి ఉన్న హక్కు బతికున్న ఆడదానికి లేదు. ఈ ఒక్క వాక్యానికే వ్యాసం రాయవచ్చు. రాశాను.

ఫిబ్రవరి 18

అచ్చయింది. ప్రెస్సు ధనంజయ చదివి, బలే ఉండాది సార్, కానీ ఆ గుమాస్తాను కండ్లుండే గుడ్డోడని అనేది ఎందుకు, పాపం అన్నాడు. వ్యవస్థ నౌకరు మీద పాపమేమిటి అన్నాను.

జ్ఞానాంబ రెండుసార్లు చదివింది. మడిచి పెట్టింది. తాయమ్మను అడిగినారా అంది.

ఫిబ్రవరి 19

అడగలేదు. పేరు రాయలేదు కదా.

ఫిబ్రవరి 27

పేరు రాయనక్కర లేదు. ఈ ఊళ్లో సైకిలు షాపు నడిపే ఆడది ఒక్కతే.

కొత్త కమిషనరు యువకుడు. తెలుగు పత్రికలన్నీ చదువుతాడట, నాదీ చదివాడు. నాకిది గర్వంగా ఉండాల్సిన విషయం. వరదయ్యకు మెమో. ఎవరో ఊరంతటికీ తెలిసినా కాగితం మీద పెట్టేవాడు కావాలి, అందుకని నాకొక ఉత్తరం: మీరు వ్యాసంలో పేర్కొన్న లైసెన్సుదారు ఎవరో మార్చి ఇరవైలోగా రాతపూర్వకంగా తెలపగలరు. ఈ విచారణ తేలేవరకు స్టేషన్ రోడ్డులో ఒక్క రెన్యూవల్ కూడా జరగదట.

మార్చి 1

సైకిలు తీసుకుని వెళ్లాను, గాలి కొట్టించుకునే మిషతో. తాయమ్మ పంపు చేతికిచ్చింది. నువ్వే కొట్టుకో సామీ, నీకు గాలి బాగా కొట్టను వస్తాది అంది. అక్కమ్మ తన అంగట్లోంచి పకపకా నవ్వింది.

తర్వాత తాయమ్మ మెల్లగా చెప్పింది. గొంతు ఎత్తలేదు, అదే భరించలేకపోయాను. షాపు పోతే పోనీ సామీ, మా ఊరికి పోయి కూలి చేసుకుంటా. ఏడాదికి ఒక్క దినం నేను ఆయప్ప పెండ్లాన్ని. ఆ బొట్టు పెట్టుకుని ఈడ నుంచి ఆఫీసు దాకా నడిచి పోతా. దోవలో ఎవురూ ఏమీ అనరు, అక్కమ్మ కూడా. అందురికీ తెలుసు. తెలిసీ ఊరకుండేటోళ్లు. నువ్వు దాన్ని అచ్చేసి పావలాకి అమ్మినావు.

నేను ఏదో అన్నాను. వితంతువుల బొట్టు గురించి. ఏమన్నానో రాయను.

మార్చి 5

కమిషనరును కలిశాను. గంటసేపు వాదించాను. అరిచానేమో కూడా. ఆమె పేరు మీదే లైసెన్సు ఇవ్వండి, ఏ చట్టం అడ్డం వస్తుంది అన్నాను. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. మీ వాదన న్యాయంగా ఉందండీ, దాని మీద ఇంకో వ్యాసం రాయండి అన్నాడు. రూలు మార్చేది హైదరాబాదట. తన పని అమలు చేయడమట. లైసెన్సుదారు చనిపోతే లైసెన్సు కూడా చనిపోతుంది, ఆ మనిషి పేరు మీరు రాసిస్తే సాయంత్రానికి ఆ జాగా ఖాళీ చేయిస్తాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అతను పట్టుకున్నది చచ్చిన మొగవాడి హక్కు గురించి నేను రాసిన వాక్యాన్నే. అతని బల్ల మీది సంచికలో దాని కింద ఎర్ర గీత ఉంది.

మార్చి 9

వరదయ్య ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి. నేను గుడ్డివాడని రాసిన కళ్లకు నిజంగానే సోడాబుడ్డి అద్దాలు. తిడతాడనుకున్నాను. నీళ్లడిగి తాగి, మెమోకు జవాబు రాసినాను సార్, మా సెక్షనులో అట్లాంటి కేసు లేదని రాసినాను అన్నాడు. ఇంక తమరి కాగితం ఒకటే మిగిలి ఉండాది. అది కథ అని రాసిచ్చేస్తే పోతాది, అంతే సార్.

కథ కాదు, నిజం అన్నాను.

నిజమని నాకు తెలీదా సార్ అన్నాడు. ఆ కుప్పయ్య నాకు సైకిలు నేర్పినాడు.

మార్చి 10

రాయను. ఇరవై ఏళ్లలో నా పేరుతో అచ్చయిన ఏ వాక్యాన్నీ వెనక్కి తీసుకోలేదు. నాకున్నదంతా అదొక్కటే. ఇల్లు అద్దెది, ఉద్యోగం గంటల లెక్కది.

మార్చి 14

ఏమీ రాయబుద్ధి కాలేదు. ఎండలు ముదిరాయి.

మార్చి 17

ఎమర్జెన్సీలో ఎవడూ బెదిరించకుండానే నోరు మూసుకున్నాను. అప్పుడు నిజాన్ని మింగింది నా కోసం, ఇప్పుడు మళ్లీ మింగను. ఈ లెక్క జ్ఞానాంబ ముందు పెట్టాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అప్పుడు మీ కోసం అబద్ధం, ఇప్పుడు మీ కోసం నిజం, మధ్యలో తాయమ్మ ఎప్పుడొస్తాదండీ అంది.

మార్చి 19

షాపుకు వెళ్లాను. ఈసారి మిష లేదు. రాసిస్తే ఒప్పుకుంటావా తాయమ్మా అని అడిగాను. నెల ముందు అడగవలసిన ప్రశ్న.

చైనుకు చివరిదాకా నూనె వేసింది. తర్వాత, ఆయప్పను మళ్లా బతికిస్తావా అంది. కాగితం మీద అన్నాను. కాగితం మీదే కదా సామీ అయిదేండ్లుగా బతకతా ఉండేది అంది.

మార్చి 20

రాసిచ్చాను. కాపీ ఇక్కడ అతికిస్తున్నాను.

"'నిలదీత' ఫిబ్రవరి సంచికలో నేను ప్రస్తావించిన స్త్రీ, ఆమె భర్త మరణము, గుమాస్తా ప్రవర్తన సర్వము నా కల్పన. అట్టి వ్యక్తులు లేరు. స్టేషన్ రోడ్డులోని కుప్పయ్య అను లైసెన్సుదారును నేను స్వయముగా ఎరుగుదును. ఆయన సజీవుడు."

చివరి రెండు వాక్యాలు వాళ్లు అడగలేదు. నేనే చేర్చాను. మొదలుపెట్టాక ఆగలేదు కలం.

ఏప్రిల్ 1

సంచికలో సవరణ వేశాం. పాఠకులు ఇద్దరు చందా మానేశారు. అమ్ముడుపోయాడని ఒకాయన కార్డు రాశాడు, చిత్తూరు నుంచి. జవాబు రాయలేదు.

నిన్న రెన్యూవల్ జరిగింది. నేను వెళ్లలేదు. ట్యుటోరియల్ కిటికీలోంచి చూశాను, తాయమ్మ ఎర్రటి బొట్టుతో వీధి మధ్యన నడుస్తూ పోయింది. అక్కమ్మ అంగట్లోంచి లేచి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు.

నేను క్లాసులో ఏం చెబుతున్నానో మరిచిపోయాను.

1980 మార్చి 29

వరదయ్యను చిత్తూరుకు మార్చారు. కొత్త గుమాస్తాకు సాక్షి కావాలట. తాయమ్మ కబురు పెట్టింది, వెళ్లాను. కుప్పయ్య ఎట్లుండాడు అని గుమాస్తా అడిగాడు. ఆమె నా మొహం చూసింది. మొన్న వడమాలపేటలో కనిపించాడు, జ్వరానికి కాస్త చిక్కాడు అన్నాను. సంతకం పెట్టాను.

బయట మెట్ల మీద ఆగి తాయమ్మ అడిగింది, శానా చిక్కినాడా సామీ అని.