ఓక్ రాజు పడాలి

అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నిన్న మన ఊరి పండగ నాటకం రిహార్సల్లో నువ్వు చేసిందేమిటి? ఏళ్ల తరబడి ఓక్ రాజు వేషంలో ఆ ఆకుల కిరీటం పెట్టుకుంటున్నవాడివి, ఏడాదిలోకెల్లా పొడవైన పగటినాడు వేసవిని ఏలే ఓక్ రాజు చలికాలాన్ని ఏలే హాలీ రాజు చేతిలో ఓడి పడిపోవాలని నీకు నేను చెప్పాలా? పాపం హాలీ రాజు వేషం కట్టిన పెట్రోక్, చెక్క కత్తితో కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టి, "ఈయన పడేలా లేడు గానీ నేనింటికి పోతానక్కా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నీ బాధ తెలియక కాదు. నువ్వు పడిన మర్నాటి నుంచి పొద్దు తగ్గుతుంది. లవ్‌డే వదిన వచ్చే చలికాలం దాటదని డాక్టరు చెప్పాడు. అయితే మాత్రం, నువ్వు మొండికేస్తే సూర్యుడు ఆగుతాడా?

నీకంటే వదిన నయం. నీ కిరీటానికి ఆకులు గుచ్చుతూ, "ఇప్పుడు పడకపోతే డిసెంబరులో పొద్దు మళ్లీ పెరగడం మొదలయ్యే రాత్రి మంటల దగ్గర ఎలా లేస్తాడట? నేను చూడాలనుకునేది అదేగా" అంది.

శనివారం ఆట జరిగే గుట్ట మీద వదిన కుర్చీ నీకు ఎడమ పక్కన వేయిస్తున్నాను. అటు పడు.

నీ చెల్లెలు