తాత పటం సంగతి

ఎల్బీనగర్,
సోమవారం మధ్యాహ్నం

చిరంజీవి మౌనికకు అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. ఆయన మోకాలు ఒక్కటే కులాసాగా లేదు, దాని సంగతి కింద రాస్తాను. అక్కడ అహ్మదాబాద్‌లో నువ్వు వేళకు తింటున్నావనీ, పప్పులో బెల్లం వేసే ఆ ఊరి వంటకు అలవాటు పడ్డావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. అంచున గీసిన ఒంటెనూ, దాని మీద కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్న నిన్నూ చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. కాలేజీ పిల్లలకు బొమ్మలు నేర్పే పంతులమ్మవి, ఒంటెకు భయపడతావా? ఇక నువ్వు అడిగినవి. మీ నాన్న మోకాలు మలక్‌పేట దవాఖానలో చూపించాం. మెట్లెక్కొద్దన్నారు. ఆ మాట విన్న గంటలోపే మెట్రో స్టేషన్‌లో లిఫ్టు పక్కనుంచే మెట్లెక్కాడు. "ఇరవై ఏండ్లు నల్లగొండ బత్తాయి లోడు తోలిన కాళ్లు, గీ మెట్లేం జేస్తయ్?" అని నన్నే గదమాయించాడు. నువ్వు గీసిన బొమ్మల కథ పుస్తకాల పార్సిల్ కూడా చేరింది. ఇరవైలో ఇప్పుడు మూడే మిగిలాయి. నేను పంచినవి అయిదే. మిగతావన్నీ చూసిస్తామని పట్టుకుపోయినవాళ్ల దగ్గరే ఉన్నాయి.

"చదివావా అమ్మా, నిజం చెప్పు" అని రాశావు. చదివాను బిడ్డా, నాలుగుసార్లు. మొదటిసారి ఏం చేశానో చెప్తాను, నవ్వకు. మీ తాతవాళ్లు బట్ట మీద బొమ్మలేసిన పటాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ కథ చెప్తారు కదా, ఆ అలవాటున ప్రతి పేజీలో ఎడమ వరస గళ్లన్నీ కిందిదాకా చదివేసి, మళ్లీ కుడి వరస పైనుంచి మొదలుపెట్టాను. దాంతో పోలక్క దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాక మలక్‌పేటలో బస్సెక్కింది. ఇదేం కథరా దేవుడా అనుకున్నాను. మీ నాన్న పక్కన కూర్చుని గడిగడికీ వేలు పెట్టి చూపిస్తే దారి దొరికింది.

దారి దొరికాక ఇక ఆపలేదు. పోలక్క కథ నాకు కొత్త కాదు. అన్నలందరూ ఊళ్లో నీళ్లు పంచేసుకుంటే, మబ్బుల ఇంటికి పోయి కుండెడు వాన అడిగి తెచ్చుకుంది. ఎవరిదీ కాని నేల దొరికేదాకా కుండ నెత్తి మీదనుంచి దించనని ఒట్టు పెట్టుకుంది. అంతవరకు మీ తాత చెప్పిందే. కానీ ఆ పిల్లను ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్‌కు తీసుకురావాలని నీకెట్లా తోచింది? కుండతో కోచింగ్ సెంటర్ల ముందు నిలబడుతుంది. ఎక్కడ కాలు పెట్టినా అది ఎవరిదో ఒకరి ప్లాటు. నాగోల్‌లో ఒకడు గజం రేటు చెప్తాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నడిచి, సినిమా సెట్టింగులో బావి కనపడితే ఆశపడి తడుతుంది, అది అట్టముక్కలా మోగుతుంది. అక్కడ పోలక్క మొహం గీశావు చూడు, నాకు పేజీ తిప్పబుద్ధి కాలేదు. మీ తాతను గీసినచోట ఆయన కుడిచేతి చిటికెన వేలు వంకర కూడా ఉంది. నువ్వు పుట్టేసరికి ఆయన లేడు. ఎప్పుడో ఒకసారి నేనన్న మాట పట్టుకుని గీశావు. నిన్ను ఎంత పొగిడినా తక్కువే బిడ్డా. కన్నదాన్ని కాబట్టి అనడం లేదు, కథ తెలిసినదాన్ని కాబట్టి అంటున్నాను.

మన పాత ఇంటి పక్క పోర్షన్ ఎస్తేరమ్మ పెద్దమ్మ అయితే కళ్లజోడు సర్దుకుని, "ఏంది సుమిత్రా, పోలక్క సీదా మన గల్లీలకే ఒచ్చింది! గీ నల్లా కాడ బిందె పట్టుకొని ఉన్నది నేనే గాదా? జర సన్నగ గీసింది, మంచి పిల్ల" అని మురిసిపోయింది.

ఇక ఆఖరి అధ్యాయం. నిండు చూలాలు వాడపల్లిలో నడుములోతు నీళ్లలో నిలబడి తాత పటాన్ని నదిలో వదులుతుంది. నీళ్లు ఎవరివీ కావు కాబట్టి పటంలోంచి పోలక్క దిగి కుండ దించుతుంది. ఆ పేజీ దగ్గర ఏడవనివాళ్లు లేరు. నిన్న ఆదివారం కాలనీ మహిళా మండలి వాళ్లు పిలిచి, ఆ చూలాలు ఈవిడే అని చెప్పి నాకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఎస్తేరమ్మ కొట్టింది, నా కళ్లలోకే చూస్తూ. ఆ శాలువా మెడ మీద ఉన్నంతసేపూ ఎప్పుడు తీసేద్దామా అనే ఉంది నాకు.

రెండో ముద్రణకు పంపేలోపు చెప్పమని మూడు అడిగావు. అప్పుడు ఏ రంగు చీర కట్టావు, ఏ రేవు, పసుపు కుంకుమ పెట్టి వదిలావా అని. వచ్చే నెల వాడపల్లిలో జనం ముందు పుస్తకం చదువుతామనీ, నేనొచ్చి పటం వదిలిన చోటు చూపించాలనీ రాశావు. మొదటి పేజీలో "తాత పటాన్ని నీళ్లకు అప్పగించిన అమ్మకు" అని వేస్తానన్నావు. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. ఫోనులో నీ మొహం కనపడితే మళ్లీ ఏదో ఒక రంగు చెప్పేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

నేను వాడపల్లి పోలేదు మౌనీ. పటాన్ని నీళ్లలో వదల్లేదు.

జరిగింది ఇది. మీ తాత అంతయ్య గారు ఆఖరి ఏడు మాతో దిల్‌సుఖ్‌నగర్ కిరాయి ఇంట్లో ఉన్నారు. ఊళ్లల్లో పటం కథకు పిలిచేవాళ్లు అప్పటికే లేరు. ముప్పై మూరల పటం ఆ రెండు గదుల్లో పూర్తిగా విప్పడానికి లేదు. దూలానికి కట్టి, ఒక్కో బొమ్మా తిప్పుతూ, కర్రతో చూపిస్తూ నాకూ ఎస్తేరమ్మకూ మొత్తం కథ చెప్పారు. వినేది ఇద్దరు ఆడవాళ్లే అయినా ఊరు మొత్తం కూర్చున్నట్టే గొంతెత్తి చెప్పారు. నువ్వు నా కడుపులో ఉన్నావు అప్పుడు. ఇంటి పని ఆగిపోయినా నాకు లేవబుద్ధి కాలేదు.

పాతబడ్డ పటాన్ని పటం కథ చెప్పేవాళ్లు పారేయరు. మనిషికి చేసినట్టే చేసి, పారే నీళ్లలో సాగనంపుతారు. పోయేముందు మీ తాత నన్ను దగ్గరికి పిలిచి, "బిడ్డా, నా ఎన్క చెప్పెటోడు లేడు. గిది ఊకె పడి ఉండొద్దు. వాడపల్లి కాడ నీళ్లల్ల ఇడువుండ్రి. నువ్వు మర్వవు, అందుకే నీకు చెప్తున్న" అన్నారు. మీ నాన్న అప్పుడు లోడుతో నాగ్‌పూర్‌లో ఉన్నాడు. వచ్చి కర్మకాండ చేసి, పటం సంగతి కాన్పు అయ్యాక చూద్దామని మళ్లీ లోడుతో వెళ్లాడు.

నాకు నెలలు నిండాయి. పసిబిడ్డకు కొత్త బట్ట కట్టకూడదు, ఇంటి పెద్దలు వాడి మెత్తబడిన బట్టలోనే చుట్టాలి, అప్పుడే ఆ పెద్దల ఆయుష్షు బిడ్డకు వస్తుంది అని మా అమ్మ అనేది. మీ నాయనమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. తాత పంచెలన్నీ పదకొండో రోజున ఇచ్చేశాం. ఇంట్లో పెద్దలది అంటూ మిగిలిన బట్ట ఒక్కటే. ఎస్తేరమ్మ తన పాత చీర ఇస్తానంది. వద్దన్నాను. నా బిడ్డకు మా ఇంటి బట్టే కావాలని పంతం. నేను మరిచిపోనని నమ్మి చెప్పిన మనిషి మాట నాకు గుర్తుంది, గుర్తుండే చేశాను. తెలియక చేశానని నీకు రాయలేను.

ఒక మధ్యాహ్నం పటాన్ని తొట్టిలో నానేశాను. చింతగింజల జిగురు, సుద్ద, రంగులు అన్నీ కరిగిపోయాయి. వాకిట్లో మోరీ కాలువ ఎర్రగా పారింది. రక్తంలా ఉందని భయమేసి బిందెల కొద్దీ నీళ్లు పోశాను. బడిలో ఆయా పని చేసుకుని వచ్చిన ఎస్తేరమ్మ ఆ ఎర్ర నీళ్లు దాటుకుంటూ వచ్చి తొట్టిలోకి చూసింది. నా చేతిలో సబ్బు తీసుకుని తనే ఉతికింది. ఆ మోరీ మూసీలో కలుస్తుంది, మూసీ పోయి వాడపల్లిలోనే కృష్ణలో కలుస్తుంది, కాబట్టి చేరాల్సిన చోటికే చేరిందని ఇన్నేళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను. కుదర్లేదు. పోయింది రంగులే, బట్ట నా చేతిలో ఉంది.

ఎంత ఉతికినా కళ్లు పోలేదు మౌనీ. పటంలో బొమ్మలకు కళ్లు ఆఖర్న, మసితో పెడతారట. మనుషులూ మేకలూ మబ్బులూ అన్నీ పోయి, తెల్లటి బట్ట నిండా కళ్లు మిగిలాయి. చింపి, మడతలు పెట్టి, నాలుగు రోజులకు నువ్వు పుడితే ఆ బట్టలోనే చుట్టాను.

మీ నాన్న వచ్చి పటమేదని అడిగాడు. కాన్పుకు ముందు మనసు ఆగక ఎస్తేరమ్మను తోడు తీసుకుని బస్సులో వాడపల్లి పోయి వదిలానని చెప్పాను. ఆయన నిన్ను ఎత్తుకుని ఆ బట్టను చాలాసేపు చూసి, "మంచిది" అన్నాడు. తర్వాత నీకు మాటలొచ్చాక, అన్నం తిననప్పుడల్లా అదే కథ చెప్పాను. ఒకరోజు చేపలు వచ్చి పటాన్ని మోశాయి. ఇంకోరోజు పడవవాడు తెడ్డు దించి దండం పెట్టాడు. నువ్వు నోరు తెరిచి వినేదానివి, ముద్ద లోపలికి పోయేది. ఆ పడవవాణ్ణి కూడా ఎంత బాగా గీశావో చూస్తే, నా అబద్ధానికి ఇంత అందం ఉందా అని సిగ్గేసింది.

నిన్న శాలువా తీసి మంచం మీద పడేసి, మీ నాన్నకు అంతా చెప్పేశాను. ఆయన మోకాలికి మందు రాసుకుంటూ విన్నాడు.

"గా కళ్లు నాకు తెల్వయా సుమిత్రా? పుట్టిన సంది గా పటం ముందట్నే కూసున్నోణ్ణి. పోరిని ఎత్తుకున్నప్పుడే సమజైంది" అన్నాడు.

"మరి నన్నెందుకు అడగలే?"

"ఏమని అడగాలె? ఒక్క దినం లోడు ఆపి పటం తీస్కపోనోణ్ణి. నా పని నేను జెయ్యక నిన్ను అడుగుతనా?" మందు మూత పెట్టి, "నువ్వు పోరికి అన్నం పెట్టుకుంట గా వాడపల్లి కథ జెప్తుంటే తలుపు ఎన్క నిలవడి ఇంటుంటి. అచ్చం బాపు చెప్పినట్టే. బాపు కాడ నేను నేర్సుకోంది నువ్వు నేర్సుకున్నవ్. ఆపబుద్ధి గాలే" అన్నాడు. ఇరవై ఆరేళ్లు ఆయన నా అబద్ధాన్ని ఇష్టంగా విన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చాను, ఆయనా ఏడ్చాడు. తర్వాత టీ పెట్టుకున్నాం.

అందుకే ఈ ఉత్తరం. మొదటి పేజీలో నా గురించి ఆ మాట వెయ్యకు. ఆఖరి అధ్యాయం ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం, పుస్తకం నీది. ఉంచితే "ఇది మా అమ్మ కల్పించింది" అని ఒక ముక్క రాయి. కోపం వస్తే దాచుకోకు, నాలుగు రోజులు మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాను. ఆ బట్టలో నీకోసం ఒక్క పీలికైనా దాచలేదు. నువ్వు పాకే వయసుకు చిరుగులు పట్టాయి, ఆఖరి ముక్కతో స్టవ్వు తుడిచాను. అదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

వాడపల్లికి మాత్రం తప్పకుండా వస్తాను. తాత కర్ర లేకపోయినా నిలబడి, జరిగింది జరిగినట్టు నా నోటితోనే చెప్తాను. పటం ఎక్కడ వదిలావమ్మా అని నలుగురూ అడిగితే, నీ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి నిన్నే చూపిస్తాను.

ఇట్లు,
నీ కోపానికీ నీ ముద్దుకీ రెండింటికీ సిద్ధపడిన
మీ అమ్మ