సాక్షి పేరు

తెక్కలకోట పక్క పల్లె
జనవరి 6

ప్రియమైన సుచరితమ్మకు,

నా చేతిరాత కోడి గీరినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. నాలుగో తరగతితో చదువు ఆగింది. ఏమీ అనుకోకుండా చదువుకో తల్లీ.

మీ లా కాలేజీ పిల్లలు మా ఊరి బడిలో ఉచిత న్యాయ శిబిరం పెట్టినప్పుడు వెనక బెంచీలో కూచున్న ముసలివాడిని నేనే. పేరు సుబ్బరామి. "తాతా, మీకేమైనా ఉందా?" అని అడిగావు. లేదన్నాను. ఉంది. నలుగురిలో నాకు నోరు రాదు. ఫోనులో అసలే రాదు. అందుకే మీరు పంచిన కాగితం మీది అడ్రసుకు రాస్తున్నాను.

పోయిన సోమవారం మిట్టమధ్యాహ్నం మా అన్న కొడుకు వెంకటరత్నం, నా కొడుకు కేశవ కాళ్లు విరగ్గొట్టాడు. వాడికి ఇసుక టిప్పర్లు ఉన్నాయి. హగరి ఏటి నుంచి మా వరిమడి మీదుగా తోలుతున్నాడు. కేశవ అడ్డం నిలబడి "దిగన్నా, పైరు మీద తోలొద్దు" అన్నాడు. వాడు దిగాడు. జాకీ రాడ్డుతో దిగాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. పడ్డాక రెండో కాలు. ఆ తర్వాత లెక్కే లేదు. పక్క మడిలో మందు కొడుతున్న హులిగేశ్ చెప్పింది ఇది. నేను పరిగెత్తి పోయేసరికి ఎముక తెల్లగా బయటికి వచ్చి ఉంది. మడిలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

టిప్పర్ తగిలి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. చూసింది చెబుతానని హులిగేశ్ అంటున్నాడు. మా ఆమె ప్రమీలమ్మ మాత్రం "సదువుకునే పిల్లోళ్లు, వాళ్లతో ఏమైతాది?" అంటోంది. ఏమవుతుందో నువ్వే రాయి.

ఇట్లు,
సుబ్బరామి

బళ్లారి
జనవరి 11

ప్రియమైన సుబ్బరామి తాతకు,

నమస్కారాలు. మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు. నేను లా నాలుగో సంవత్సరం. కోర్టులో వాదించే హక్కు నాకింకా లేదు. మా కాలేజీ న్యాయ సహాయ కేంద్రానికి ఉచితంగా పనిచేసే లాయర్ సిద్ధేశ్ సార్ వాదిస్తారు. కాగితాలు రాయడం, సాక్షులను కలవడం, తిరగడం నా పని. నిజం చెప్పాలంటే నేను మార్కుల కోసమే ఇందులో చేరాను. నిన్న ఆసుపత్రిలో కేశవన్నను చూశాక ఆ మాట అనుకోవడానికే సిగ్గేసింది. రెండు కాళ్లలో ఇనుప చువ్వలు. అయినా "ఏంది మేడం, నువ్వు ఫీజు లేని లాయరంట. నేను పారిపోలేని పార్టీని. జోడీ బాగుండాది" అని నవ్వాడు. నవ్వీ నవ్వకముందే నొప్పికి దుప్పటి కొరికాడు.

పోలీసులు కొట్టారని రాసుకోలేదు కాబట్టి నేరుగా జడ్జికి ఫిర్యాదు పెడుతున్నాం. కేశవన్న మాట ఒక్కటే అయితే దాయాదుల పగ అని కొట్టేస్తారు. హులిగేశ్ సాక్ష్యమే ఆధారం. 18వ తేదీన అతను జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పాలి. అంతవరకు ఆ పేరు బయటికి పొక్కకూడదు తాతా. ఎవరికీ చెప్పకండి.

మీ
సుచరిత

జనవరి 17

ప్రియమైన సుచరితమ్మా,

నిన్న పొద్దున పది గంటలకు తెక్కలకోట బస్టాండులో హులిగేశ్‌ను నరికారు.

జీపులో ముగ్గురు వచ్చారట. "శానా సూసినావంటనే?" అన్నారట. కుడిచేతిని బస్సు మెట్టు మీద అదిమిపెట్టి మచ్చుకత్తితో కొట్టారు. మూడో దెబ్బకు మణికట్టు తెగింది. బస్సు నిండా జనం. ఒక్కరూ దిగలేదు. కండక్టర్ తన తువ్వాలుతో కట్టు కట్టాడు.

నేను ఆసుపత్రికి పోతే హులిగేశ్ పెళ్లాం చెప్పు తీసి నా మొహాన కొట్టింది. "నీ కొడుకు కాళ్లకు నా మొగుని చెయ్యి బలిపెట్టినావు కదప్పా" అంది. నిలబడి కొట్టించుకున్నాను.

రేపు కోర్టుకు ఎవరూ రారు.

సుబ్బరామి

బళ్లారి
జనవరి 22

ప్రియమైన తాతకు,

సిద్ధేశ్ సార్ వాయిదా తెచ్చారు. ఫిబ్రవరి 3. కానీ నేను ఉండను.

ఆ పేరు నా వల్లే బయటపడింది. బళ్లారి బజారులో మాది టైర్ల కొట్టు. 12న కొట్లో మా నాన్నతో కేసు సంగతి చెబుతుంటే హులిగేశ్ పేరు నా నోట వచ్చింది. అక్కడ ఇద్దరు టిప్పర్ డ్రైవర్లు కూచుని ఉన్నారు. మీకు చెప్పొద్దని రాసి నేనే చెప్పాను. పేదలకు సాయం చేస్తానని బయలుదేరి ఒక కూలి మనిషి చెయ్యి తీశాను. ఆసుపత్రి వార్డు దాకా వెళ్లి, అతని ముఖం చూడలేక తిరిగి వచ్చాను. కేంద్రంలో నా పేరు కొట్టేయమని రాసిచ్చాను. లాయర్ చదువు కూడా నాకొద్దనిపిస్తోంది.

క్షమించండి.
సుచరిత

జనవరి 26

ప్రియమైన సుచరితమ్మా,

నువ్వు కాదు తల్లీ. నేను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దాయాది మీద ఫిర్యాదు పెట్టేముందు వాడి ఇంటికి పోయి, వాడిచ్చిన మజ్జిగ తాగి, ఎదుటనే చెప్పి రావాలి. చాటుగా పోతే దొంగ అంటారు. మా నాయన అట్లే చేశాడు. నీ ఉత్తరం 13న అందింది. ఆ పొద్దే వెంకటరత్నం ఇంటికి పోయాను.

"ఏంది చిన్నాయనా, ఎండలో వస్తాండావు? కూచో."

"రత్నం, నీ మీద కోర్టుకు పోతాండా. చెప్పి పోదామని వచ్చినా."

"పో. వద్దంటినా? సాక్షి ఎవురుండారు?"

నేను మజ్జిగ గ్లాసు నోటికెత్తాను.

"సుమ్నే, ఊరికే అడుగుతాండా. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు కదా."

హులిగేశ్ అన్నాను. నలుగురిలో రాని నోరు అక్కడ వచ్చింది. వాడు ఇంకో గ్లాసు పోయించాడు. తాగాను. నరికిన రోజు సాయంత్రం రోడ్డు మీద జీపు ఆపి "పేరు చెప్పి మేలు చేసినావు చిన్నాయనా" అని నవ్వి పోయాడు. నీకు రాయడానికి సిగ్గుపడి దాచాను. నువ్వు చదువు మానేస్తానంటే దాచలేకపోయాను.

నిన్న హులిగేశ్ మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. అతను ఎడమ చేత్తో సెలైన్ స్టాండు లాగి నా నెత్తిన కొట్టాడు. రక్తం కళ్లలోకి వచ్చింది. ఇంకా కొట్టప్పా అన్నాను. కొట్టాడు. నర్సులు పట్టుకున్నారు. నాకు ఏడు కుట్లు వేశారు. కుట్లు వేసేదాకా అతను నన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"ఇదంతా జడ్జి ముందర చెప్తావా ముసలోడా?"

"చెప్తా."

"మజ్జిగ తాగింది కూడా?"

"అదీ చెప్తా."

"అయితే నేనూ వస్తాండా."

ఆ పేరు నేనే వాడికి చెప్పానని ఒప్పుకుంటే అది వాడి మీద పనికొస్తుందా? హులిగేశ్ ఎడమ బొటనవేలి ముద్ర చెల్లుతుందా? సిద్ధేశ్ సార్‌ను కనుక్కో. నువ్వు ఎదురుగా కూచుంటేనే నేను అక్కడ మాట్లాడగలను. మూడో తేదీకి ఎనిమిది రోజులే ఉంది. వస్తావో లేదో, ఒక్క ముక్కయినా సరే, ఈ ఉత్తరం అందిన రోజే రాసి పోస్టులో వెయ్యి.

సుబ్బరామి