పదకొండు ట్యాంకులు, ఒక లారీ

నవంబర్ 3

కొత్త ఇంట్లో మొదటి రోజు. తొమ్మిదో నంబరు. గోడలకి ఇంకా పెయింటు వాసన పోలేదు. మెట్లెక్కితే అక్కకి ఆయాసం, అయినా ప్రతి గదికీ వెళ్ళి కిటికీలు తీసి, వేసి చూసుకుంది. ఎనిమిదో నెల. కాన్పు డిసెంబర్ మొదటి వారం అన్నాడు డాక్టరు. బావ స్కాట్లండ్ దగ్గర సముద్రంలో గాలిమరలు నిలబెట్టే పనిలో ఉన్నాడు, నెలాఖరుకి గానీ రాడు. అప్పటిదాకా ఇంటికి పెద్ద దిక్కువి నువ్వేరా ఫర్గల్ అని అక్క నవ్వింది. నాకు ఇరవై రెండు. నవ్వాల్సిన పనేముంది?

పెరట్లో ఆయిల్ ట్యాంకు, ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ దీంతోనే నడవాలి. పుల్ల దించి చూశాను. అడుగున నాలుగు వేళ్ళ లోతు ఉంది, అంతే. బాయిలర్ పరీక్ష కోసం బిల్డరు పోసినదాంట్లో మిగులు. చూసి చూసి వాడితే రెండు వారాలు.

ఆయిల్ ఎవరి దగ్గర తీసుకుందాం అని అడిగాను. ఇంకెవరు, ప్యాకీ మెక్‌గర్ అంది అక్క. ఆయనే ఎందుకు అన్నాను. ఎప్పుడూ ఆయనేగా అంది.

ఈ "ఎప్పుడూ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నవంబర్ 5

సహకార సంఘాల మీద ఆ కరపత్రం నాలుగోసారి చదివాను. బెల్‌ఫాస్ట్‌లో పాత పుస్తకాల బల్ల మీద కొన్న పదిహేనింటిలో అదే మేలు. అట్ట చిరిగింది గానీ లోపల నిప్పు.

మన ఎస్టేట్‌లో, అంటే ఈ కొత్త కాలనీలో, పదకొండు ఇళ్ళు. అన్నీ కొత్తవే, అన్ని ట్యాంకులూ ఖాళీనే. అందరం కలిసి ఒకే రోజున ఒకే లారీకి ఆర్డరిస్తే ధర బాగా తగ్గుతుంది. మెక్‌గర్‌కి ఫోన్ చేశాను, తగ్గిస్తానన్నాడు. రోడ్డుకి అటు చివర హెర్బీ బీటీకి చేశాను, ఆయనా అంతే తగ్గిస్తానన్నాడు. ఇద్దరి లారీలూ ఒకే డిపోలో నింపుకుంటాయి. అదే కిరసనాయిలు! అదే గొట్టం!

ఇక ఆలస్యం ఏమిటి? ఆయిల్ క్లబ్ పెడుతున్నాను.

నవంబర్ 8

మూడు సాయంత్రాలు తలుపులు తట్టాను. క్లబ్ అంటే అందరూ సై. ఎవరి లారీ అనేసరికి అందరూ బూట్లకేసి చూసుకుంటారు.

కేథలిక్కులంతా మెక్‌గర్ దగ్గర కొంటారు. ప్రొటెస్టెంట్లంతా బీటీ దగ్గర కొంటారు. ఆ మాట మాత్రం ఒక్కరి నోటా రాదు. మాకు ఆయన అలవాటు బాబూ అంటారు. నాకైతే ఏం ఫర్వాలేదు, పక్కింటివాళ్ళే ఒప్పుకోరు అంటారు. పక్కింటికి వెళ్తే వాళ్ళూ అదే పాట. నాలుగో నంబరు కోల్‌హూన్ గారు తలుపు సగమే తీసి, ఆలోచిద్దాంలే అని మూసేశాడు. రిటైరై ఆరేళ్ళయిందట. దేన్నుంచి రిటైరయ్యాడో చెప్పలేదు.

కావాలనే అన్ని రకాలవాళ్ళకీ కలిపి ఇచ్చిన ఎస్టేట్ ఇది. గేటు దగ్గర బోర్డు మీద అలా రాసి కూడా పెట్టారు. ఆయిల్ మాత్రం కలవకూడదు!

నవంబర్ 12

ఇంట్లో పదమూడు డిగ్రీలు. అక్క బావ కోటు వేసుకుని పడుకుంది, బొత్తాలు పట్టడం లేదు.

నవంబర్ 14

వాదించి లాభం లేదు, వాస్తవాలు ముందుపెట్టాలి. పెద్ద కాగితం మీద లిస్ట్ తయారుచేశాను. ఇంటి నంబరు, ఇంటాయన పేరు, ప్రస్తుతం ఆయిల్ ఎవరి దగ్గర. ఎర్ర స్కెచ్‌తో మెక్‌గర్ వాళ్ళు, నీలంతో బీటీ వాళ్ళు. కింద పెద్ద అక్షరాలతో: ఇద్దరి ఆయిలూ ఒక్కటే, ఇంకా ఎందుకు విడిపోవడం?

పొద్దున్నే బస్ షెల్టర్ గోడకి అంటించాను. నాలుగు అడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. ఎంత స్పష్టంగా ఉందో.

నవంబర్ 15

మధ్యాహ్నం పనినుంచి వచ్చేసరికి కాగితం లేదు. టేపు ముక్కలు నాలుగు మూలలా మిగిలాయి. ఎవడో దౌర్జన్యంగా పీకేశాడని మండిపడుతూ ఇంట్లోకి వచ్చాను. ఏడో నంబరు హేజెల్ ఎలియట్ గారు మా వంటింట్లో కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. అక్క నాకేసి చూడటం లేదు.

అబ్బాయ్, నీ మనసు మంచిదే, బుర్రే ఇంకా ఉడకలేదు అన్నారావిడ. ఏం తప్పు రాశాను, ఒక్క అబద్ధం ఉంటే చూపించండి అన్నాను. అబద్ధం లేదు, అదే కదా గొడవ అన్నారు. పేరు, ఇంటి నంబరు, ఎవరు ఎటువైపు అని రంగులేసి మరీ గోడకెక్కించావు. ఈ ఊళ్ళో అలాంటి లిస్టులు ఇదివరకు ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలుసా నీకు?

ఆయిల్ గురించే రాశానన్నాను. కేథలిక్, ప్రొటెస్టెంట్ గొడవల రోజుల్లో తుపాకులవాళ్ళు రాశారు, ఎవరింటి మీద పడాలో గుర్తుకి, అన్నారావిడ.

దాన్ని తీసింది కోల్‌హూన్ గారట.

నవంబర్ 16

నాలుగో నంబరుకి వెళ్ళాను. దారిలో క్షమాపణ పది రకాలుగా అనుకున్నాను. గ్యారేజీలో ఉన్నాడాయన. నా లిస్ట్ నాలుగు మడతలు పెట్టి పనిబల్ల మీద ఉంది. చింపలేదు.

జైలు వార్డరుగా పనిచేశానన్నాడు. పద్దెనిమిదేళ్ళు రోజూ పొద్దున్న పిల్లలు కారెక్కకముందు, ఎవరైనా బాంబు పెట్టారేమోనని మోకాళ్ళ మీద కూర్చుని కారు కింద చూసుకునేవాణ్ణి, ఆ అలవాటు మానడానికే ఈ ఇంటికి వచ్చాను అన్నాడు. కేకలేస్తే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. కేకలెయ్యలేదు. నిన్న మళ్ళీ చూశాను కారు కింద అన్నాడు, అంతే.

తప్పయిపోయిందన్నాను. అనుకున్న పదిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

వెనక్కి తిరుగుతుంటే పిలిచాడు. ఏమోయ్ విప్లవకారుడూ, ఓటు రహస్యంగా వేస్తారని నీ పుస్తకాల్లో రాయలేదా అన్నాడు.

పదిహేను కరపత్రాలు చదివాను. ఎందుకు తట్టలేదు నాకు?

నవంబర్ 17

బాయిలర్ ఆగిపోయింది. ట్యాంకు తుడిచినట్టు ఖాళీ. పెట్రోల్ బంకు నుంచి ఇరవై లీటర్ల కిరసనాయిలు డబ్బా మోసుకొచ్చి పోశాను. అయినా అంటుకోలేదు, పైపులోకి గాలి పట్టింది. అక్క రెండో దుప్పటి తెచ్చి కప్పుకుంది.

కోల్‌హూన్ గారు ఎవరూ పిలవకుండానే స్పానర్ పట్టుకుని వచ్చాడు. పావుగంటలో గాలి తీశాడు. లైటు పట్టుకోవోయ్, ఉపన్యాసం తర్వాత ఇద్దువు గానీ అన్నాడు. ఈ ఇరవై లీటర్లు ఎన్నాళ్ళు? మూడు రోజులు, నాలుగు.

నవంబర్ 19

ఇంటికో చీటీ. పేరు లేదు, నంబరు లేదు. మెక్‌గర్ కావాలా, బీటీ కావాలా, ఎవరైనా సరేనా. ఎలియట్ గారి బిస్కట్ల డబ్బాలో వేశారు. ఆవిడ ముందుగదిలోనే అందరి ఎదుటా విప్పాం.

ఎవరైనా సరే. ఎవరైనా సరే. ఎవరైనా సరే, త్వరగా రమ్మనండి. ఎవరైనా సరే.

పదకొండింటిలో తొమ్మిది! ఇన్నాళ్ళూ ఒకరికోసం ఒకరు బిగుసుకుని కూర్చున్నారన్నమాట. ఎవరో ఫక్కున నవ్వారు, తర్వాత అందరూ.

ఒకటి బీటీ. అది నాదే, దాచేదేముంది అన్నారు ఎలియట్ గారు. ఆ పెద్ద మంచు ఏడాది మా ఆయన మంచం మీద ఉన్నాడు, లారీ గుట్ట ఎక్కలేదు, హెర్బీ బీటీ ఆయిల్ డబ్బాలు మంచు మీద జారే స్లెడ్జి బండికి కట్టి లాక్కొచ్చాడు, అది మరిచిపోతే మనిషినేనా అన్నారు.

ఒకటి మెక్‌గర్. ఆ చేతిరాత నేనెరుగుదును. అక్కా, నువ్వా!

అక్క కూర్చున్నచోటు నుంచే చెప్పింది. అమ్మ పోయినప్పుడు మూడు రోజులు ఇంటినిండా జనం, చలి. ఎవరూ అడక్కుండానే ప్యాకీ వచ్చి ట్యాంకు నింపి, టోపీ తీసి అమ్మ శవపేటిక దగ్గర నిలబడి వెళ్ళాడు. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు అంది.

"ఎప్పుడూ ఆయనేగా" అంటే ఇదా? ముందే చెప్పొచ్చుగా.

నవంబర్ 20

అక్కా, ఎలియట్ గారూ కలిసి తేల్చాలని అందరి నిర్ణయం. రెండు గంటలు, మూడు కెటిల్స్ టీ. నిన్నటిదాకా ఎవరి మనిషి కోసం వాళ్ళు. ఇవాళ తలకిందులు. మీరు పెద్దవాళ్ళు, బీటీకే ఇద్దాం అంటుంది అక్క. కుదరదమ్మా, మెక్‌గరే రావాలంటారు ఆవిడ. మీకోసం. కాదు, నీకోసం. మన ఇద్దర్నీ ఇలా చూస్తే ఆ లారీలవాళ్ళే ఆయిల్ అమ్మడం మానేస్తారని ఆవిడ అన్నారు. నేను గోడకి తల కొట్టుకోబోయాను.

చివరికి ఆవిడ మాటే నెగ్గింది. బిడ్డ వచ్చేది చలికాలంలో కాబట్టి ఇప్పుడు మెక్‌గర్, మార్చిలో బీటీ. అయితే షరతు పెట్టారు: మెక్‌గర్‌కి ఆవిడే ఫోన్ చేస్తారు, మార్చిలో బీటీకి అక్క చెయ్యాలి.

లేచి వెళ్ళి మంచి స్వెటర్ వేసుకుని వచ్చి మరీ ఫోన్ తీశారు. హలో, నేను హేజెల్ ఎలియట్‌ని, మీరు నన్నెరగరు అన్నారు. అవతల గొంతు గది అంతా వినపడింది. ఎరక్కపోవడం ఏంటమ్మా, మీ ఆయనేగా మా నాన్న ట్రాక్టరు బాగుచేసేది! ఆర్డరు చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేశారు. నలభై ఏళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్నాం అన్నారు.

నవంబర్ 22

లారీ వచ్చింది. సందు ఇరుకు. కోల్‌హూన్ గారు రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ ఊపుతూ వెనక్కి రానిచ్చాడు. ప్యాకీ మెక్‌గర్ స్వయంగా గొట్టం భుజాన వేసుకుని ఒక్కో పెరట్లోకీ లాగాడు. పదకొండు ట్యాంకులు. ప్రతి ఇంట్లో టీ. ఏడో ఇంటికొచ్చేసరికి, టీ వద్దు తల్లీ, బాత్రూం ఎటో చెప్పండి అన్నాడు.

మూడున్నరకి మా బాయిలర్ అందుకుంది. గదుల్లో గోడవారన ఉన్న రేడియేటర్లు వేడెక్కుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. అక్క కోటు విప్పింది.

డిసెంబర్ 6

పాప నిన్న ఇంటికి వచ్చింది. ఇరవై డిగ్రీలు. దుప్పటి తన్నేసి నిద్రపోతోంది. అరికాళ్ళు ముట్టుకుని చూశాను.

వెచ్చగా ఉన్నాయి.