నేనింకా డాక్టరును కానని చాటింపు

తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు, వైద్య కళాశాల మూడవ సంవత్సరం విద్యార్థి పాయం పగిడయ్య వ్రాసుకొను అర్జీ.
తేదీ: 11-4-1983

అయ్యా,

విషయం: మణుగూరు అడవి గూడేలలో, నేను డాక్టరును కానని ప్రభుత్వం తరఫున దండోరా వేయించుట గురించి.

1. మా గూడెం నుండి డాక్టరు చదువుకు వెళ్లిన మొదటివాడను నేను. ఆపరేషన్ గదిలో వెనుక వరుసలో నిలబడి చూచుటే తప్ప ఇంతవరకు కత్తి పట్టలేదు. ఈ సంగతి మావాళ్లకు ఎంత మొత్తుకున్నా ఎక్కుట లేదు.

2. గత దసరా సెలవులలో, వాగు అవతలి గూడెం ముసలయ్య అనునతడు తన భార్య జంపక్కను నొప్పులతో మంచం మీద మోయించుకొని నా వద్దకు వచ్చినాడు. బిడ్డ అడ్డం తిరిగినది. కోసి తీయవలసిన కాన్పు. వచ్చే దారిలో వారు భద్రాచలం రోడ్డు దాటినారు. బస్సు నిలిచి ఉన్నది, కండక్టరు ఎక్కమన్నాడు కూడా. "మన పిల్లగాడు ఇంటికాడనే ఉండంగ దవాఖానాకెందుకు?" అని ముసలయ్య ఎక్కించలేదు. నేను సెలవులకు రాకపోతే ఆమె ఆ బస్సు ఎక్కేది, అయ్యా.

3. తిరిగి రోడ్డుకు మోసుకుపోవుచుండగా జంపక్క చనిపోయినది. బిడ్డ కూడా. చివరిదాకా నా చెయ్యి వదలలేదు. "నీ చెయ్యి సల్లగున్నది డాక్టరయ్యా" అన్నది. ఆ చేతితో అన్నం కలుపుకొనుట నాకు కష్టముగా ఉన్నది. క్లాసులో దానిని బల్ల కిందనే ఉంచుకొందును.

ముసలయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మూడో నాడు ఒక కోడిపుంజును తెచ్చి మా గుంజకు కట్టినాడు. వైద్యం చేసినవానికి ఇచ్చుకొనే కోడి అది. "నువ్వు చూసినవ్ గద బిడ్డా" అని వెళ్లిపోయినాడు.

4. ఇప్పుడు కొండమ్మ, మా చిన్నాయన కూతురు. తొలి కాన్పు, వచ్చే నెలలో. బిడ్డ వచ్చే దారిలో ఎముక ఇరుకుగా ఉన్నది, దవాఖానాకు పొమ్మని సర్కారు నర్సమ్మ చెప్పినది. "మా అన్న ఎండకాలం సెలవులకు వస్తడు, గాయన్నే చూస్తడు" అని ఆమె కదలదు. నేను రాను, నాకు చేతకాదు అని రెండు ఉత్తరాలు వ్రాసితిని. "అవ్, పెద్ద చదువులోళ్లు గట్లనే తగ్గి మాట్లాడుతరు" అని నవ్వుకున్నారట.

5. శస్త్రచికిత్సే చదువుదునని నిశ్చయించుకున్నాను. పట్నం ఆడవారికి దక్కే ఆపరేషన్ మా ఆడవారికీ దక్కవలెను. అందుకు ఇంకను ఏడేళ్లు పట్టును. కొండమ్మకు ఉన్నది ఒక్క నెల.

కావున, పగిడయ్యకు కోయుట రాదని, కాన్పు కష్టమైతే బస్సే ఎక్కవలెనని గూడెం గూడెం దండోరా వేయించి, కొండమ్మను సర్కారు జీపులో దవాఖానాకు చేర్పించగలరని వేడుకొనుచు, ఈ మొర ఏలినవారు చిత్తగించవలెను.

తమ విధేయుడు, డాక్టరు కానివాడు,
పాయం పగిడయ్య

మరొక మనవి: పైన ఒకటి దాచాను. జంపక్క పొట్ట మీద చెయ్యి వేయగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే వెనక్కి పంపాల్సింది. పంపలేదు. చుట్టూ అంతమంది, అందరూ నన్ను డాక్టరయ్యా అంటున్నారు. స్టెతస్కోపు పెట్టాను. వేడినీళ్లు కాయమన్నాను. రెండు గంటలు అట్లాగే గడిపాను. సాయంత్రం బస్సు కూడా పోయింది. కొండమ్మకు ఇది చెప్పించండి అయ్యా. నాకు నోరు రావడం లేదు.